వేలు పెట్టమంది మిషను

ఐదు రూపాయల వాజిలైన్ డబ్బీలోకి
నా బొటనవేలు దూరదు.
చిటికెన వేలితో తీయాలి,
పూటకి పెసరగింజంత.
అలా వాడితే నెల దాటి
ఇంకో నాలుగు రోజులు వస్తుంది.

కాశీబుగ్గ బస్టాండు పక్క కొట్టులో
పెద్ద సీసాలూ చూశాను.
కుంకుమపువ్వు బొమ్మ ఉన్నదొకటి
మూత తీయకుండానే వాసనొచ్చింది.
వెనక్కి తిప్పి ధర చదివి
నిద్రపోయే బిడ్డని దించినంత మెల్లగా
మళ్లీ అరలో పెట్టేశాను.

జీడిపిక్కకి కోపం ఎక్కువ.
పెంకు పగలడం ఆలస్యం
సొన వేళ్ల మీద కక్కుతుంది.
ముందు మంట, తర్వాత నలుపు,
ఆ నలుపు ఊడిన రోజున
దాని వెంట నా తోలూ ఓ పొర.
మధ్యాహ్నం నుంచి పప్పు ఒలుపు.
పల్చటి ఎర్రపొర తీయాలి, గుండు విరక్కూడదు.
పదకొండేళ్లుగా ఒలుస్తున్నాను.
పప్పు తెల్లగా వస్తోంది.

కోతకి కూర్చునే ముందు
అరచేతిలో ఆముదం, దాని మీద పొయ్యిబూడిద.
"మన మేకప్పు ఇదేనే" అంటుంది ఊర్వశప్ప.
అరవై దాటిన ఊర్వశి,
పై పళ్లు రెండు లేవు.
"ఒలే, మొగానికి పౌడరు తరవాత,
ముందు సేతులు సూసుకో.
కూడు తినీది మొగంతోటా?"

కిందటి నెల రేషను డిపోలో
వేలు పెట్టమంది మిషను.
పెట్టాను. ఎర్ర లైటు.
చీర కొంగుకి తుడిచి పెట్టాను.
నుదుటి జిడ్డుకి రాసి పెట్టాను.
పది వేళ్లూ పెట్టాను.
పది వేళ్లూ
నేను నేను కాదన్నాయి.

వెనక వరస గొణుగుతోంది.
డిపో లోకనాథం మంచోడే,
ఖాళీ సంచి నా చేతికిస్తూ అన్నాడు:
"గీతలు అరిగిపోనాయప్పా.
నాలుగు రోజులు నూనె రాసి రా."

ఆ రాత్రి మొదలైంది.
బియ్యం కడిగిన నీళ్లు కాస్త వెచ్చబెట్టి
వార్తలు అయ్యేదాకా చేతులు నానబెట్టడం,
పాత తువ్వాలుతో అద్దడం, రుద్దకుండా.
ఉద్దానం కొబ్బరినూనె నాలుగు చుక్కలు,
పైన ఆ పెసరగింజ,
ఆ పైన మా గుంటడి స్కూలు సాక్సులు.
కూతురు ఢిల్లేశ్వరి పొట్ట పట్టుకుని నవ్వింది:
"అమ్మా, బాక్సింగు ఎవలితోటే?"

దోమ ముక్కు మీద వాలితే
సాక్సుతో కొట్టుకున్నాను.
దాహమేస్తే
పిల్ల గ్లాసు పట్టి తాగించింది.
నాకు ఎవరైనా నీళ్లు తాగించి
ఎన్నాళ్లయిందో లెక్క అందలేదు.

ఆరో రోజు ఎడమ బొటనవేలి మీద
సన్నగా, అట్టు మీది చారల్లా
ఏవో తేలాయి.
దీపం దగ్గర పెట్టుకుని చూశాను.
మిషను పచ్చగా కూసింది.
పదిహేను కేజీలు.
లోకనాథం నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

బియ్యం వచ్చేశాయి.
సాక్సులు ఉతికి ఆరేశాను,
గుంటడు బడికి వేసుకెళ్లాడు.
రాత్రయ్యేసరికి
నీళ్లు వెచ్చబెడుతున్నాను మళ్లీ.
"మిషను ఒప్పేసుకుంది గదా, ఇంకెందుకే?"
అంటుంది పిల్ల.
ఏం చెప్పాలి?
నైలాను చీర కుచ్చిళ్లు పెడితే
పోగు లేవడం లేదని చెప్పాను.
దాని జడ అల్లుతుంటే
వెంట్రుక నా వేలికి చిక్కుకోవడం లేదు,
అది మాత్రం చెప్పలేదు.

శనివారం రాత్రి, తొమ్మిదిన్నర.
ఫోను మోగింది, సూపర్‌వైజరు.
లోడు దిగి ఉంటుంది,
రేపు ఆదివారమని ఆయనకి గుర్తుండదు.
అలవాటుగా వేలు జరిపాను.
సాక్సు తొడిగిన వేలికి ఫోను పలకలేదు.
ఈసారి నేనెవరో
దానికీ తెలియలేదు.

విప్పొచ్చు. ఒక్క క్షణం పని.
కొబ్బరి వాసన ముక్కు దాకా వస్తోంది.
చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని
వెల్లకిలా పడుకున్నాను.

మోగింది.
మోగనీ.